ఆకాశంలో పడక



మా ఆర్మూరు ప్రాంతంలో ఒక ఆడమనిషి ఎంత కష్టపడిందో ఆమె నడుము చెబుతుంది. జూన్‌లో విత్తనం పెట్టిన పసుపు జనవరికల్లా తవ్వకానికి వస్తుంది. ఎండిన ఆకు కోయాలి. తవ్విన గడ్డల వెనకాలే వంగి ఏరాలి. మట్టి దులపాలి. కొమ్ములు, గోళలు వేరుచేయాలి. ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసి, రోజూ తిరగదోడాలి. బాగా ఎండాక డ్రమ్ములో తిప్పి, మెరుగు వచ్చాక సంచులకెత్తితే అప్పుడు నిజామాబాద్ యార్డు. ఈ పనుల్లో చాలావరకు వంగి చేసేవే.

నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కానీ ఉద్యోగం రాకముందూ, వచ్చాక సెలవుల్లోనూ నేను కూడా ఆ చేలోనే వంగాను. ఇప్పుడు నా వెన్నుపూసలు అరిగాయి. గంటకు మించి ఒకే తీరుగా కూర్చోవద్దని డాక్టరు చెప్పారు. ఆర్మూరు నుంచి నిజామాబాద్ బస్సెక్కినా నడుం కింద దిండు పెట్టుకోవలసిందే.

అలాంటి సమయంలో మా బిడ్డ జొహానెస్‌బర్గ్ నుంచి ఫోను చేసింది. దానికి నెలలు నిండుతున్నాయి. తొలిచూలు. పుట్టింటికి రాలేని పరిస్థితి.

"అమ్మా, నువ్వే రావాలె" అంది.

"గాలిలనే పది పదకొండు గంటలంట. అంతసేపు కూసొని నేనెట్ల వస్త బిడ్డా?"

"కూసొని ఎవరు రమ్మన్నరమ్మా? పండుకొని రా."

అట్లా నా చేతికి బిజినెస్ క్లాస్ టికెట్ వచ్చింది. మామూలు టికెట్టుకు ఎన్నో రెట్ల ధర. వద్దని రెండు రోజులు వాదించాను. "మంచం కొనిచ్చిన అనుకో" అని అది మాట తెంచేసింది. ఆ మంచం మీద నేను చేసిన ప్రయాణం గురించీ, ఆ దారిలో నాకంటే ముందు పడుకుని ప్రయాణించిన వాళ్ల గురించీ ఇవాళ మీతో చెప్పాలని వచ్చాను.

నేను ఎక్కింది ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్. 2025 జూన్ నుంచి మన శంషాబాద్‌కు, ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాకు మధ్య ఈ సంస్థ విమానాలు నడుపుతోంది. వారానికి మూడు సర్వీసులతో మొదలుపెట్టారు. ఆడిస్‌లో దిగి, విమానం మారి, ఆఫ్రికాలో ఎక్కడికైనా వెళ్లవచ్చు.

టికెట్ చూసి మా ఇంటికి వచ్చినవాళ్లు అడిగిన మొదటి మాట, "ఆఫ్రికా విమానమా, మంచిదేనా?" వాళ్లను తప్పుపట్టలేను. ఇథియోపియా అనగానే మన తరానికి గుర్తొచ్చేది 1984 నాటి కరువు, ఎముకల గూళ్లలాంటి పసిపిల్లల ఫొటోలు. నేను కూడా బడిలో ఆఫ్రికా పాఠం చెప్పినప్పుడు ఎడారి, అడవి, కరువు అని మూడు మాటలతో ముగించాను. ఆ పాఠం ఇప్పుడు సరిదిద్దుకుంటున్నాను.

ఈ సంస్థ 1945 డిసెంబరు 21న పుట్టింది. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. 1946 ఏప్రిల్ 8న దాని మొదటి విమానం ఆడిస్ నుంచి అస్మారా మీదుగా కైరోకు వెళ్లింది. తొలినాళ్లలో అమెరికా కంపెనీ టీడబ్ల్యూఏ ఒప్పందం కుదుర్చుకుని నడిపించింది. పైలట్లు, మెకానిక్కులు అమెరికావాళ్లే. ఇథియోపియన్లు పక్కన నిలబడి ఒక్కొక్క పనీ నేర్చుకున్నారు. 1971లో మొదటిసారి ఒక ఇథియోపియన్ ఆ సంస్థకు జనరల్ మేనేజర్ అయ్యాడు. ఇవాళ అది ఆఫ్రికాలోకెల్లా పెద్ద విమాన సంస్థ. పూర్తిగా ప్రభుత్వానిదే. పైలట్లకు, ఇంజనీర్లకు, విమానాల్లో సేవలందించేవాళ్లకు సొంత అకాడమీలో శిక్షణ ఇస్తుంది. 2012లో డ్రీమ్‌లైనర్‌నూ, 2016లో ఎయిర్‌బస్ ఏ350నూ ఆఫ్రికాకు మొదట తెచ్చింది ఇదే. 2015 నవంబరులో ఆడిస్ నుంచి బ్యాంకాక్‌కు అందరూ ఆడవాళ్లే నడిపిన విమానం కూడా వీళ్లదే.

ఒక సంస్థ సొంత కాళ్ల మీద నిలబడటానికి ఎంత కాలం పడుతుందో పసుపు రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. పసుపు బోర్డు కోసం మనం ఎన్నేళ్లు అడిగాం! 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీచేస్తే, అందులో 170 మందికి పైగా రైతులే. చివరికి 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ఇప్పుడు దాన్ని మన చేతులతో నిలబెట్టుకునే పని ముందుంది.

ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్‌కు ఒక పెద్ద దుఃఖం కూడా ఉంది. 2019 మార్చి 10న ఆడిస్ నుంచి లేచిన 737 మ్యాక్స్ విమానం కాసేపటికే కూలి 157 మంది చనిపోయారు. వాళ్లలో నలుగురు భారతీయులు. ఒక సెన్సర్ తప్పు లెక్క ఇవ్వడం, దాన్ని నమ్మి విమానంలోని సాఫ్ట్‌వేర్ ముక్కును పదేపదే కిందికి నొక్కడం దానికి దారితీశాయి. అంతకు కొన్ని నెలల ముందే ఇండోనేషియాలో అదే మోడల్ విమానం కూలింది. ఆ తర్వాత ప్రపంచమంతటా ఆ మోడల్ విమానాలను నేలకు దింపి, సరిచేశాకే మళ్లీ ఎగరనిచ్చారు. ఇంతా తెలుసుకునే నేను టికెట్ చేతపట్టుకున్నాను.

బయలుదేరేముందు రెండు మాటలు, వెళ్లాలనుకునేవాళ్ల కోసం. ఇథియోపియా పచ్చజ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. పచ్చజ్వరం అంటే పచ్చకామెర్లు కాదు, దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్. దానికి టీకా ఒక్కసారి వేయించుకుంటే చాలు, ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. వేయించుకున్న పది రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ వైద్య సంస్థలో వేస్తారు. అరవై దాటినవాళ్లు మాత్రం ముందు వైద్యుణ్ని అడగాలి. రెండోది, బిజినెస్ క్లాస్ అన్నంత మాత్రాన ప్రతి విమానంలోనూ సీటు పడకగా మారదు. చిన్న విమానాల్లో వెడల్పాటి కుర్చీ వెనక్కి వాలుతుంది, అంతే. పెద్ద విమానాల్లోనే పూర్తిగా చాపలా పరుచుకుంటుంది. ఏ అంచెకు ఏ విమానమో టికెట్ కొనేముందే అడగాలి.

శంషాబాద్‌లో ఆ రాత్రి నాకొక మనిషి కనబడ్డాడు. గల్ఫ్ విమానాల గేటు దగ్గర కుర్చీలు నిండిపోయి కొందరు నేల మీద కూర్చున్నారు. ఇద్దరు ముగ్గురు సంచి తలకింద పెట్టుకుని పడుకున్నారు. వాళ్లలోంచి ఒకతను లేచి, "టీచరమ్మా!" అంటూ వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. వేల్పూరు దిక్కు పిల్లవాడు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు.

"ఏడికి బిడ్డా?"

"మస్కట్ టీచరమ్మా. సెలవు అయిపోయింది. సామాన్లు ఎక్కించి దించే పని. మీరేడికి?"

చెప్పాను. పడుకుని వెళ్లే టికెట్ అని కూడా చెప్పాను. చెబుతుంటే గొంతు పట్టేసింది. వాడు నవ్వి, "మంచిగ చేసింది చెల్లె. మీ నడుం సంగతి మాకు తెల్వదా? పాఠం చెప్పేటప్పుడు గోడకు ఆనుకునేటోళ్లు కదా" అన్నాడు. ఆ మాట అంటూనే తన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. ముప్ఫై ఐదేళ్లు కూడా ఉండవు వాడికి.

మొదటి అంచెలో కుర్చీ వెనక్కి వాలింది, కాళ్ల కింద ఆనింపు లేచింది. కొంచెంసేపు కూర్చోవడం, కొంచెంసేపు నిలబడటం. అరేబియా సముద్రం దాటి ఆడిస్‌లో దిగాం. దిగగానే నాలుగడుగులకే ఆయాసం వచ్చింది. కారణం తెలిస్తే మీకూ ఆశ్చర్యంగా ఉంటుంది. ఆడిస్ విమానాశ్రయం సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైగా ఎత్తున, అంటే 7,600 అడుగుల పైన ఉంది. కొత్తరకం పెద్ద విమానాల లోపల గాలిని దాదాపు 6,000 అడుగుల కొండ మీద ఉండే గాలిలా ఉంచుతారు. అంటే ఆ విమానాల్లో వచ్చినవాళ్లు కిందికి దిగినా పలచటి గాలిలోకే దిగుతారు. ఆ ఎత్తు వల్లే, నిండా ఇంధనంతో బరువెక్కిన విమానం అక్కణ్నుంచి లేవడం కష్టం. అందుకే ఆడిస్ నుంచి అమెరికాకు పోయే విమానాలు దారిలో ఒకచోట ఆగి ఇంధనం నింపుకుంటాయి. తిరుగుదారిలో ఆ అవసరం ఉండదు.

అక్కడి లాంజ్‌లో ఒక మూల చిన్న పీట వేసుకుని ఒకామె కాఫీ కాస్తోంది. పచ్చి గింజలు అక్కడే వేయించి, దంచి, జెబెనా అనే పొడవు మెడ మట్టికూజాలో మరిగించి, పిడిలేని చిన్న కప్పుల్లో పోస్తారు. పక్కన సాంబ్రాణి పొగ. ఆ పద్ధతి ప్రకారం మూడుసార్లు పోస్తారు. మూడో విడతను బరకా అంటారు, అంటే దీవెన. మన ఉర్దూ బర్కత్ మాటే. కాలాన్ని కూడా వాళ్లు మన పంచాంగంలోలాగే సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మనం పొద్దున ఏడు అనేది వాళ్లకు ఒంటిగంట. వాళ్ల ఏడాదికి పదమూడు నెలలు. ముప్ఫై రోజుల నెలలు పన్నెండు, మిగిలిన ఐదారు రోజులకు ఒక చిన్న నెల. అధికమాసం ఎరిగిన మనకు అది వింతేమీ కాదు.

రెండో అంచె జొహానెస్‌బర్గ్‌కు, దాదాపు 4,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖ దాటి దక్షిణానికి. ఈసారి పెద్ద విమానం. భోజనం వేళ ఇంజెరా పెట్టారు. టెఫ్ అనే ఆవగింజకన్నా చిన్న ధాన్యం పిండిని పులియబెట్టి, పెనం మీద ఒకవైపే కాల్చిన అట్టు అది. పైన కన్నాలు కన్నాలుగా, పుల్లగా, మన పుల్లట్టులా ఉంది. దాని మీదే కూరలు వడ్డిస్తారు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు ముట్టరు కాబట్టి శాకాహారం వాళ్ల వంటలో పెద్ద భాగం. శనగపిండి కూర, పప్పు, ఆకుకూర వచ్చాయి. ఒక కూర మాత్రం పచ్చగా మెరిసింది. వేలితో తాకాను. గోరు పచ్చబడింది.

వడ్డించిన అమ్మాయిని ఇదేమిటని అడిగాను. "అలిచా" అంది. కారం లేని కూర. పచ్చదనం దేంతో వచ్చిందంటే "ఇర్ద్" అంది. నా సంచిలో ఇంట్లో ఆడించిన పసుపు పొట్లం తీసి చూపించాను. వాసన చూసి ఆమె ముఖం విప్పారింది. తమ దేశంలో నైరుతి దిక్కున తేపీ వైపు ఇది పండుతుందని చెప్పింది. నేను నా చేతులు చూపించి, మాదీ ఇదే పంట అన్నాను. అప్పుడామె ఇంజెరా ముక్క తుంచి, కూర అద్ది, నా నోటి దగ్గర పెట్టింది. గుర్షా అంటారట. ప్రేమ ఉన్నవాళ్లకు, గౌరవించే అతిథికి తమ చేత్తో నోట్లో పెట్టే ముద్ద. మా అమ్మ పోయాక నాకు ఎవరూ ముద్ద పెట్టలేదు.

భోజనాలయ్యాక ఆమే వచ్చి ఒక మీట నొక్కింది. కుర్చీ మెల్లగా సాగి పడకగా మారింది. పరుపులాంటి పలచటి బొంత, దిండు, దుప్పటి. నా నడుం కిందికి ఇంకో దిండు జరిపి, "ఎమ్మా" అంది. నాకు "అమ్మా" అన్నట్టే వినిపించింది. వెల్లకిలా పడుకుంటే ఏళ్లుగా బిగిసిన వెన్ను ఒక్కొక్క పూసా వదులైంది. సుఖం అనే మాటకు ఆ రోజు నాకు అర్థం తెలిసింది. నొప్పి లేకపోవడమే.

కన్ను మాత్రం మూతపడలేదు. వేల్పూరు పిల్లవాడు గుర్తొచ్చాడు. వాడి వెనకాలే ఇంకా ఎంతోమంది వచ్చారు.

నాలుగైదు వందల ఏళ్ల కింద ఇథియోపియా నుంచి మన దక్కనుకు మనుషుల్ని ఓడల్లో తెచ్చి అమ్మారు. ఆ దేశపు పాతపేరు అబిసీనియా. అరబ్బులు హబష్ అనేవారు. అక్కణ్నుంచి వచ్చినవాళ్లను హబ్షీలన్నారు. హైదరాబాద్‌లో మనం రోజూ పలికే హబ్సిగూడ పేరులో ఉన్నది వాళ్లే. ఏసీ గార్డ్స్ అంటే నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. పెళ్లి బరాత్‌లో మోగే మర్ఫా వాళ్ల వీధుల్లో బతికిన వాద్యం. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టి, పసితనంలోనే బానిసగా చేతులు మారి మారి దక్కను చేరిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపాడు. మొఘలులను ఏళ్ల తరబడి నిలువరించాడు. తర్వాత ఔరంగాబాద్‌గా పేరుపడిన నగరానికి 1610లో పునాది వేసింది ఆయనే. అంతటి మనిషి కూడా అరేబియా సముద్రాన్ని దాటింది సరుకుగా.

అటునుంచి ఇటు హబ్షీలు వచ్చినట్టే, ఇటునుంచి అటు మన తెలుగువాళ్లు వెళ్లారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. అందులో 342 మంది. చెరకు తోటల్లో ఏళ్ల తరబడి పనిచేస్తామని ఒప్పందం చేసుకున్నవాళ్లు. నెలకు పైగా సముద్రం మీద, ఓడ అరల్లో పక్కపక్కనే ఒదిగి పడుకుని వెళ్లారు. 1911లో ఆ పద్ధతి ఆగేలోపు లక్షా యాభై వేలమందికి పైగా అలా డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి చేరారు. వాళ్లలో ఎందరో తెలుగువాళ్లు. వాళ్ల సంతానమే 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు నిలుపుకుంది.

మనవరాలు పుట్టాక, జొహానెస్‌బర్గ్‌లో ఉన్న రోజుల్లో ఒకసారి మా అల్లుడు మమ్మల్ని డర్బన్ తీసుకెళ్లాడు. దారిలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషను దగ్గర ఆపమన్నాను. 1893 జూన్ 7 రాత్రి మొదటి తరగతి టికెట్ చేతిలో ఉన్నా, ఒంటి రంగు చూసి గాంధీని రైలు నుంచి దింపేసిన చోటు. జూన్ అంటే అక్కడ చలికాలం. వెయిటింగ్ రూములో వణుకుతూ ఆ రాత్రి గడిపాడాయన. ఈ పాఠం నేను ఏటా పిల్లలకు చెప్పాను. ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాకగానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆయన దగ్గర డబ్బు ఉంది, టికెట్ ఉంది. లాక్కున్నది మర్యాద. విమానంలో నాకు మాత్రం పడకా, మర్యాదా రెండూ దొరికాయి. డబ్బు పడక ఇచ్చింది. నోటికి అందించిన ముద్ద, నడుం కిందికి జరిపిన ఆ దిండు టికెట్ ధరలో ఉండవు. ఒకప్పుడు మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించిన నేల నుంచి వచ్చిన నల్లజాతి ఆడపిల్ల ఒకామె, ఒక పల్లెటూరి పసుపు రైతు బిడ్డకు ఇచ్చిన గౌరవం అది.

ఇంటికి తిరిగొచ్చే రోజు శంషాబాద్ నుంచి కారులో నలభై నాలుగో నంబరు హైవే మీద వస్తున్నాం. కామారెడ్డి దాటాక ఒక అంబులెన్స్ మమ్మల్ని దాటింది. సైరన్ లేదు, తొందర లేదు. డ్రైవరు రేడియో ఆపేశాడు. ఈ దారిలో ఉండేవాళ్లకు అదేమిటో చెప్పనక్కరలేదు. గల్ఫ్ నుంచి విమానంలో వచ్చిన శవపేటిక. మా ఊళ్లకు పడుకుని విమానంలో వచ్చేది ఎక్కువగా అక్కడ చనిపోయినవాళ్లే.

అందుకే ఈ ప్రసంగం. అందరికీ బిజినెస్ క్లాస్ టికెట్లు రావు, నాకు తెలుసు. కానీ పోయేవాళ్లకు మనం ఇవ్వగలిగినవి కొన్ని ఉన్నాయి. విదేశాలకు పనికి పోతున్న తమ్ముళ్లారా, ప్రవాసీ భారతీయ బీమా యోజనలో చేరకుండా విమానమెక్కకండి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదవశాత్తు చనిపోయినా, శాశ్వతంగా వికలాంగులైనా పది లక్షలు వస్తాయి. పాలసీ కాగితం నకలు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం ఐదు లక్షలు ఇస్తోందని ఇంట్లోవాళ్లకు చెప్పండి. నడవలేనివాళ్లు టికెట్ తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ అడగండి. విమానంలో ప్రతి గంటకూ ఒకసారి లేచి నాలుగడుగులు వేయండి, నీళ్లు తాగండి.

ఇక ఇళ్లలో ఉన్న మనకు. రెండేళ్లకో మూడేళ్లకో వచ్చిన మనిషిని గుమ్మంలోనే "ఏం తెచ్చినవ్?" అని అడగొద్దు. ముందు మంచం వాల్చండి. పడుకోనివ్వండి. తర్వాత పక్కన కూర్చుని నడుం ఎట్లుందని అడగండి.

వేల్పూరు పిల్లవాడు మస్కట్ నుంచి ఫోను చేసి, చెల్లె బిడ్డ ఎట్లుందని అడిగాడు. నెల రోజులూ తప్పకుండా పసుపు రాసి నలుగు పెట్టామని చెప్పాను. వచ్చే సెలవుకు వస్తే మా ఇంటికి రమ్మన్నాను. వాడికి ఒక ఇంజెరా ముద్ద బాకీ ఉన్నాను. టెఫ్ దొరకదు గనక జొన్నరొట్టె తుంచి, పసుపేసిన పప్పులో అద్ది, నా చేత్తో పెడతాను.